మరదలికి అమ్మిన కారు

రామచంద్రపురంలో ఆడవాళ్ళకి కారు నేర్పుతాను. నా నోరు మంచిది కాదని ఊళ్ళో పేరు. నా దగ్గర చేరినవాళ్ళలో సగం మంది మొదటి వారం ఏడుస్తారు. ఎదురుగా కొబ్బరికాయల లారీ దూసుకొస్తుంటే పక్క సీట్లో కూర్చుని బుజ్జగించడం నాకు చేతకాదు. "బ్రేకు తొక్కవే!" అని అరుస్తాను. కలెక్టరు భార్య అయినా అంతే అరుస్తాను. ఇంత కోపం ఉన్న మనిషిని, ఒక్క మా బావగారి ముందు మాత్రం నా కోపం ఎప్పుడూ చెల్లుబాటు కాలేదు.

మా అక్క మొగుడు ఆయన. తణుకు అవతల ఒక ఊళ్ళో రొయ్యల చెరువులున్నాయి. మా వైపు బావా మరదళ్ళంటే ఒకరినొకరు ఏడిపించుకోడానికే పుట్టినట్టు చూస్తారు. అక్క పెళ్ళిలో ఆయన కాఫీలో నేను ఉప్పు కలిపాను. ఆయన నా జడని పీటకి కట్టేశారు. ఆ రోజు మొదలైంది. నాకు నలభై దాటాయి, ఆయనకి బట్టతల వచ్చింది, అయినా ఆ వేళాకోళం ఆగలేదు. నేనొస్తే చాలు, "తప్పుకోండి, తప్పుకోండి, డ్రైవరమ్మ వస్తోంది, గోడలు జాగ్రత్త" అనేవారు. నేనూ ఊరుకునేదాన్ని కాదు, ఆయన తల మీద ఎల్ బోర్డు పెట్టొచ్చు, అంత ఖాళీ ఉంది అనేదాన్ని. చుట్టూ జనం పడీపడీ నవ్వేవారు. ఒప్పుకోవాలి, నాకూ సరదాగానే ఉండేది. కాకపోతే ఇందులో ఒక చిక్కుంది. మరదలు నిజంగా కోప్పడినా అది సరసం కిందే పోతుంది. అది నాకు ఆలస్యంగా తెలిసింది.

కిందటేడు వానలు తగ్గుతుండగా నా స్కూలు కారుకి కాలం చెల్లింది. ఇంకో కారు చూపించకపోతే డ్రైవింగ్ స్కూలు లైసెన్సు రద్దవుతుంది. కొత్తది కొనే తాహతు లేదు. సెకండ్ హ్యాండ్ కార్లు చూడ్డానికి రాజమండ్రి తిరుగుతున్నానని తెలిసి అక్క ఫోన్ చేసింది. "పరాయివాళ్ళ బండి ఎందుకే? బావ తెల్ల కారు అమ్మేస్తానంటున్నారు. మన బండి కదా, నమ్మకంగా ఉంటుంది" అంది. నేను, మా ఆయన, అమ్మ కలిసి వెళ్ళాం.

చిన్న డీజిల్ కారు. పెయింటు బాగానే ఉంది, సీట్లు బాగున్నాయి. ఎంతమందికి చెప్పి ఉంటానో, కారు కొనేముందు ఇంజిన్ చూడకుండా కొనొద్దని. అలవాటుగా బానెట్ మీద చెయ్యి వేశాను. అరుగు మీద కూర్చున్న బావగారు అందుకున్నారు.

"ఏంటి మరదలు పిల్లా, పెళ్ళిచూపులా? పళ్ళు కూడా చూస్తావా? ఉండు, ఓ పాట కూడా పాడిస్తాను."

అక్క నవ్వింది. అమ్మ నవ్వింది. మా ఆయన కూడా నవ్వారు. నేనూ నవ్వేసి చెయ్యి తీసేశాను. అయినవాళ్ళ బండికి బానెట్ ఎత్తి చూడ్డం, వెంట మెకానిక్‌ని పట్టుకెళ్ళడం మా వైపు పెద్ద అవమానం. వాళ్ళింట్లో భోంచేసి వాళ్ళ వంటకి వాసన చూసినట్టు ఉంటుంది. పనసపొట్టు కూర, రొయ్యల వేపుడు, గారెలు, పరవాన్నం పెట్టారు. తిని, తాళాలు తీసుకుని వచ్చేశాం. ఇంకెవరైనా ఇలా కొంటే నేను చీపురు తిరగేసి ఉండేదాన్ని.

ఇంటికొచ్చాక నా వైపు రెండో బ్రేకు, రెండో క్లచ్చి పెట్టించాను. స్కూలు పేరు రాయించాను. ఇక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో చూపించి స్కూలు కారుగా రిజిస్టర్లో ఎక్కించాలి. దానికి కార్తీకమాసం ఆఖరుదాకా గడువిచ్చారు. ఈలోగా ఓసారి నడిపి చూద్దామని ద్రాక్షారం రోడ్డు మీదికి తీస్తే, కాలవగట్టు మీద బండి వేడెక్కిపోయింది. బానెట్ ఎత్తగానే ఆవిరి మొహానికి కొట్టింది. రేడియేటర్లో నీళ్ళు లేవు, ఆయిలు తెల్లగా మజ్జిగలా తిరిగింది.

మా ఊరి చివర షెడ్డు మెకానిక్ హెడ్డు విప్పి, గాస్కెట్ పోయిందన్నాడు. ఇంజిన్ అడుగు దిమ్మని బ్లాకు అంటారు. దాని మీద మూతలా కూర్చునేది హెడ్డు. రెండింటికీ మధ్య పరిచే పల్చటి రేకు గాస్కెట్. నీళ్ళూ ఆయిలూ ఒకదాంట్లో ఒకటి కలవకుండా అదే కాపలా. బండి పేరు, ఏ ఏడాది తయారైందో చెప్పి రాజమండ్రి నుంచి కొత్తది తెప్పించాను. మెకానిక్ దాన్ని బ్లాకు మీద పెట్టి చూసి, తల గోక్కున్నాడు. రేకులో నీళ్ళ దారి ఉన్నచోట బ్లాకులో గట్టి ఇనుముంది. బ్లాకులో దారి ఉన్నచోట రేకు మూసుకుపోయింది.

"కంపెనీవాళ్ళు ఒక్కోసారి ఇలాగే పంపుతారండి. ఇక్కడో చిన్న బెజ్జం పొడిచేస్తే సరిపోద్ది" అన్నాడు.

"కంపెనీవాడికి మతి లేదు, నీకుందా? పొడవకు" అన్నాను.

"మేడమ్ గారూ, మీరు స్టీరింగు తిప్పడం నేర్పుకోండి. ఇంజిన్ సంగతి మేం చూసుకుంటాం కదండి."

వాడి చేతిలో సుత్తి, ఉలి లాక్కుని బల్ల మీద పెట్టాను. రాజమండ్రి స్పేర్ పార్టుల షాపుకి ఫోన్ చేశాను. షాపతను విసుగ్గా, "ఆ ఇంజిన్ రెండు రకాల బ్లాకుల్లో వచ్చిందండి. పేరొకటే, పవరొకటే. మీరు చెప్పిన ఏడాదికి రెండో రకమే ఉండాలి. దానికే పంపాను" అన్నాడు. "ఏ రకమో ఎలా తెలుస్తుంది?" అంటే, "వెనకవైపు పక్క చూడండి. అడ్డంగా గట్లుంటే రెండో రకం. నున్నగా ఉంటే మొదటిది. ఇనుము పోతపోసినప్పుడు బ్లాకు మీద తేలిన అంకెలు కూడా వేరుగా ఉంటాయి" అని పెట్టేశాడు.

ఇంజిన్ వెనక పక్క అంటే చెయ్యి పట్టని సందు. అటు పైపులు, ఇటు కారు రేకు గోడ. మెకానిక్ వేలితో తడిమి, "గట్లున్నాయండి, రెండో రకమే" అన్నాడు. వాడు తడిమింది బ్లాకుని కాదు, పైపు బిగించే పట్టీని. నేను సెల్‌ఫోన్‌లో లైటు వేసి, వీడియో ఆన్ చేసి, మోచేతిదాకా సందులో దూర్చాను. చెయ్యి గీరుకుపోయింది. బయటికి తీసి చూసుకుంటే బ్లాకు పక్క నున్నగా, పలక మీద సుద్ద తుడిచినట్టుంది. ఒక్క గట్టు కూడా లేదు.

నా కళ్ళు నేనే నమ్మలేదు. నా దగ్గర కారు నేర్చుకున్న ఒక టీచరమ్మకి అదే కారు, అదే ఏడాదిది ఉంది. ఆవిణ్ణి షెడ్డుకి రమ్మని, రెండు కార్లనీ మూతులు ఎదురెదురుగా నిలబెట్టి బానెట్లు ఎత్తించాను. ఆవిడ బండిలో అదే సందులో ఫోన్ దూర్చాను. దుక్కి దున్నిన చేలో చాళ్ళలా గట్లు వరసగా కనిపించాయి. పోతలో తేలిన అంకెలు కూడా వేరు. ఆవిడ బండి ఆయిలు ఫిల్టరు పైకి చూస్తోంది, నా బండిది పక్కకి తిరిగి ఉంది. బయటికి ఒకే కారు. లోపల మాత్రం వేరే ఇంజిన్.

ఇక మిగిలింది చెక్కిన నంబరు. ఇంజినూ గేరుబాక్సూ కలిసేచోట చదునైన చిన్న జాగా ఉంటుంది, ఇంజిన్ నంబరు అక్కడ గుద్ది ఉంటుంది. నా బండిలో ఆ జాగా కనిపించడం లేదు. ఎవరింట్లో చేసిన ఆయుధపూజల తాలూకో, పసుపూ కుంకుమా ఆయిలూ దుమ్మూ కలిసి అట్టకట్టుకుపోయాయి. కిరసనాయిలు పోసి, వైరు బ్రష్షుతో గీకాను. ఎవరో మహాతల్లి ఎంత భక్తిగా బొట్లు పెట్టిందో, గోళ్ళు అరిగిపోయాయి నాకు. నంబరు బయటపడింది. బండి కాగితాల్లో ఉన్న నంబరు వేరు.

"దొంగ ఇంజినాండి?" అన్నాడు మెకానిక్, రెండడుగులు వెనక్కి వేసి.

ఇనస్పెక్టరు బండి దగ్గరికి రాగానే మొదట చూసేది ఆ నంబరే. కాగితాలతో కలవకపోతే అది దొంగసొత్తు కిందే లెక్క. కారు ఎక్కించరు. కారు లేకపోతే స్కూలు లేదు. పెళ్ళయ్యాక నాదీ అని చెప్పుకునేందుకు నాకున్నది ఆ ఒక్క బోర్డే. దాన్ని మా అక్క మొగుడు పీకేస్తున్నాడు.

ఆ ఆదివారం అక్కా బావగారూ సామర్లకోటలో అమ్మ దగ్గరికి వచ్చారు. భీమేశ్వరుడికి అభిషేకం చేయించుకుని, భోజనాలు చేసి, అందరూ వసారాలో కూర్చున్నారు. నేను ఫొటోలన్నీ ఫోన్‌లో వరసగా పెట్టుకుని వెళ్ళాను. దారి పొడుగునా ఏమనాలో అనుకుంటూనే ఉన్నాను. నెమ్మదిగా, గట్టిగా, కారు నేర్పేటప్పుడు కూడా మాట్లాడనంత స్పష్టంగా అడిగాను.

"బావగారూ, నా కారు ఇంజిన్ ఏదండీ?"

"నీ కారు ఇంజిన్ నీ కార్లో ఉండాలి కదా. ఎవడితోనైనా లేచిపోయిందా ఏంటి?" అన్నారు ఆయన.

"లేచిపోలేదు, మీరే లేపుకుపోయారు" అన్నాను.

వసారా గొల్లుమంది. అమ్మ చెంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను నవ్వించడానికి అనలేదు, పళ్ళు కొరుకుతూ అన్నాను. అయినా నవ్వారు. "ఇంజిన్ మార్చి నాకు అంటగట్టారు. మీరు దొంగ" అన్నాను.

"దొంగనే మరి. మీ అక్కని ఎత్తుకెళ్ళాను, నీ మనసు దోచాను, ఇంజిన్ ఎంత?"

ఫోన్ ఆయన మొహం ముందు పెట్టాను. గట్లు చూడండి, నంబరు చూడండి అన్నాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని తీరిగ్గా చూసి, "నీ ఫొటోలన్నింట్లోకీ ఇదే బాగా వచ్చిందే. నువ్వు లేవు కదా ఇందులో" అన్నారు. పక్కింటివాళ్ళు కూడా గుమ్మంలోకి వచ్చి నవ్వుతున్నారు. నాకు కన్నీళ్ళు వచ్చాయి. అవి కూడా నవ్వి నవ్వి వచ్చినవే అనుకున్నారు.

స్కూటరు మీద తిరిగొచ్చేటప్పుడు నా వెనక కూర్చున్న మా ఆయన, "అంతమందిలో దొంగ అన్నావు. ఆయన కాబట్టి నవ్వుతూ ఊరుకున్నాడు. ఎంత పెద్ద మనసు!" అన్నారు. బండి ఆపి, ఆయన్ని ఆ పెద్ద మనసు దగ్గరికే దిగిపొమ్మన్నాను. దిగలేదనుకోండి.

మర్నాడు అక్కకి ఫోన్ చేశాను. అక్క దగ్గర సరసం ఉండదు, అక్కతో నిజం మాట్లాడుకోవచ్చు అనుకున్నాను. నిజమే మాట్లాడింది.

"తెలుసే. ఏం చెయ్యమంటావు? కరెంటు పోయింది, జనరేటర్ ఇంజిన్ చచ్చింది. నీళ్ళు చిలికే చక్రాలు ఆగితే గాలాడక తెల్లారేసరికి రొయ్యలన్నీ చచ్చి తేలిపోతాయి. చేతికందింది కారు ఇంజినే. విప్పి పెట్టారు, చెరువు బతికింది. కార్లోకి ఎక్కడో పాతది దొరికితే వేయించారు."

"మరి నాకెందుకు అంటగట్టారు?"

అక్క చాలా మామూలుగా, కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టు చెప్పింది. "పరాయివాళ్ళకి అమ్మితే కేసు పెడతారు కదే. నువ్వైతే ఓ నాలుగు తిట్లు తిడతావు, నవ్వుకుంటాం, అయిపోతుంది."

నాకు ఆ తర్వాత అక్క మాట్లాడిందేదీ వినబడలేదు. నా కోపం ఎంతుంటుందో, ఎక్కడ ఆగిపోతుందో వాళ్ళు ముందే కొలుచుకుని, దాని మీద బేరం కుదుర్చుకున్నారు. కారు మోసం నన్ను కాల్చలేదు. ఈ మాట కాల్చింది.

గడువు దగ్గర పడుతుండగా బావగారే ఫోన్ చేశారు. చెరువు పడుతున్నారట, భోజనానికి రమ్మన్నారు. చెరువు పట్టడమంటే ఆ ఇంట్లో పండగ. వలలు లాగుతుంటే అయినవాళ్ళందరూ గట్టు మీద చేరతారు, అక్కడే వండి అక్కడే వడ్డిస్తారు. "నీ ఇంజినే బతికించిన రొయ్యలు మరదలా, నువ్వు తినకపోతే వాటికి మోక్షం లేదు" అని నవ్వారు. అంత ధైర్యం. మా ఆయన రానన్నారు. నేను బస్సెక్కి రావులపాలెం, సిద్ధాంతం వంతెనలు దాటి వెళ్ళాను.

గట్టంతా జనం. ఐసు పెట్టెలు, ట్రేలు, రొయ్యలు కొనే కంపెనీ వ్యాను, వల లాగేవాళ్ళ కేకలు. అవతల పక్క తాటాకు పాకలో ఇంజిన్ మోగుతోంది. దాని బెల్టుకి తగిలించిన చక్రాలు నీళ్ళని చిలుకుతున్నాయి. నేను ఎవరినీ పలకరించకుండా నేరుగా పాకలోకి వెళ్ళాను. ఇక్కడ సందులో చెయ్యి దూర్చక్కర్లేదు. కారు లేని ఇంజిన్, నాలుగు దిమ్మెల మీద కూర్చోబెట్టి ఉంది, అంతా కనిపిస్తోంది. పక్కన గట్లు వరసగా ఉన్నాయి. చదును జాగాలో బురద చెంగుతో తుడిచాను. కాగితాల్లో ఉన్న నంబరు ఒక్కొక్క అంకే బయటపడింది. నా బండి గుండెకాయ బురదలో కూర్చుని ఇంకొకరి కోసం కొట్టుకుంటోంది.

వెనక నుంచి బావగారి గొంతు వినబడింది. ఆయన వెంట అక్క, అమ్మ, వలవాళ్ళు, కంపెనీవాళ్ళు ఉన్నారు.

"ఏంటి మరదలు పిల్లా, బావని వదిలేసి ఇంజిన్‌తో సరసాలా?"

జనం నవ్వు మొదలైంది. నేను తిట్టడానికే నోరు తెరిచాను. నాలుగు తిట్లు తిడతాను, నవ్వుకుంటారు, అయిపోతుంది. ఆ సంగతి గుర్తొచ్చింది. ముందు అనుకుని రాలేదు, ఆ మాట దానంతటది వచ్చింది.

"అన్నయ్యగారూ" అన్నాను.

నవ్వు సగంలో ఆగింది.

"నా ఇంజిన్ నాకు ఇచ్చేయండి అన్నయ్యగారూ. ఇది లేకపోతే నా స్కూలు పోతుంది. చెల్లెలి నోటి దగ్గర కూడు తీసి మీ చెరువులో వేసుకోకండి."

బావగారి నోరు ఇంకా నవ్వుకి తెరిచే ఉంది, కళ్ళలో మాత్రం నవ్వు లేదు. అక్క అరిచింది. "అదేం పిలుపే! బుద్ధుందా? బావ ఆయన నీకు!"

"బావగారిని అడిగాను, నవ్వారు. అందుకని అన్నయ్యగారిని అడుగుతున్నాను" అన్నాను.

అమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. ఇది మా వైపువాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. అన్నయ్యా అని పిలిచిన ఆడదానితో వేళాకోళమాడే మగాడు ఉండడు. ఆయనకి నోట మాట లేకుండా పోతుంది. ఇంకోటి కూడా ఉంది. అక్క మొగుణ్ణి అన్నయ్య అంటే అక్క కాపురాన్నే ఎత్తిపొడిచినట్టు. అక్కకి అది చెంప మీద కొట్టిన దెబ్బ. తెలియక అనలేదు, తగలాలనే అన్నాను. ఫోన్‌లో నాకు తగిలిందానికి అది తక్కువే అనిపించింది అప్పుడు.

బావగారు తల దించుకుని, ఇంజిన్ వైపు చూశారు. "ఈ పట్టుబడి అవగానే తెచ్చి బిగించి ఇస్తానమ్మా" అన్నారు. నన్ను ఆయన ఎన్నడూ అమ్మా అని పిలవలేదు. నేను భోంచెయ్యకుండా, మంచినీళ్ళు కూడా ముట్టకుండా బస్సెక్కాను.

అన్న మాట నిలబెట్టుకున్నారు. ట్రక్కు ఆటోలో ఇంజిన్ వచ్చింది. కడిగి, కొత్త బెల్టు వేసి, కారుతున్న సీలు మార్చి తెచ్చారు. వెనక కార్లో ఆయనా అక్కా దిగారు. అక్క చేతిలో పళ్ళెం ఉంది. చీర, రవికెల గుడ్డ, పసుపు, కుంకుమ, అరటిపళ్ళు. షెడ్డులో గ్రీజు మరకల మధ్య నిలబడి ఉన్న నాకు అక్క బొట్టు పెట్టింది.

"అన్నయ్యని కదమ్మా. ఒట్టి చేతుల్తో ఎలా వస్తాను?" అన్నారు ఆయన.

అందులో సరసం కోసం వెతికాను. లేదు. కోపం కోసం వెతికాను, అదీ లేదు. గోదావరి మర్యాద అంటారే, అది నిలువెత్తున నా ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడింది. పసుపు కుంకుమ కాదనడానికి లేదు. తీసుకున్నాను. మెకానిక్ ఇంజిన్ బిగించేదాకా ఎండలో నిలబడే ఉన్నారు. కుర్చీ వేస్తే "పర్లేదమ్మా" అన్నారు. కాఫీ ఇస్తే తాగి, గ్లాసు తనే కడిగి పెట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ గ్లాసు ఆయన నెత్తిన కొట్టాలనిపించింది.

ఇనస్పెక్టరు నంబరు చూశాడు, కాగితం చూశాడు, బండి ఎక్కించాడు. నా బోర్డు నాకు దక్కింది. రాజమండ్రి నుంచి తెప్పించిన ఆ గాస్కెట్టు ఈ ఇంజిన్‌కి సరిగ్గా అతికింది కూడా, బెజ్జమేమీ పొడవకుండానే. ఆ మాట మెకానిక్‌కి నాలుగుసార్లు చెప్పాను.

అమ్మ నాతో చాలారోజులు ముభావంగా ఉంది. "ఇంజిన్ కోసం వరస చెడగొట్టుకుంటారా ఎవరైనా?" అంటుంది. ఇంజిన్ దొంగిలించినవాణ్ణి ఏమీ అనదు. నాకు ఆవిడ మీదా కోపమే. అక్క ఫోన్ చేస్తుంది, ఏం వండావంటుంది, పెట్టేస్తుంది. దాని మీదా కోపమే. నేను చేసింది తప్పని ఈ రోజుకీ అనుకోను. మళ్ళీ ఆ గట్టు మీద నిలబెడితే మళ్ళీ అదే పిలుస్తాను.

మొన్న మాఘంలో అక్క కూతురి ఓణీల ఫంక్షన్ చేశారు. స్కూలు కారు వేసుకుని వెళ్ళాను. ఇంటి ముందు షామియానా, బల్లలు, జనం. బండి వెనక్కి తీసి గోడవార పెడదామనుకున్నాను. అక్క చూస్తోందా లేదా అని అద్దంలో చూస్తూ, చూడాల్సినదాన్ని చూడలేదు. ధడేల్మని షామియానా గుంజకి గుద్దాను. వెనక లైటు భళ్ళుమంది. గుడ్డ ఒక పక్క ఒరిగి వడ్డన బల్ల మీదికి వేలాడింది. లేడీస్ డ్రైవింగ్ స్కూల్ అని వెనకంతా ఎర్రక్షరాలతో రాసి ఉంది. జనం ఆ అక్షరాలు చదివి, నన్ను చూసి, మొహాలు పక్కకి తిప్పుకున్నారు.

బావగారు పందిట్లోంచి వచ్చారు. నేను సీట్లోనే బిగుసుకుని కూర్చున్నాను. దీన్ని ఆయన ఏడాదిపాటు వాడుకుంటారు. ప్రతి పెళ్ళిలో, ప్రతి పేరంటంలో చెబుతారు. దీటుగా ఏమనాలో నేను కూడా సిద్ధం చేసుకున్నాను, షామియానా గుంజ మీ బుర్రలాగే నున్నగా ఉంది, కనబడలేదు అని. నాలుక చివర పెట్టుకుని కూర్చున్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా ఆయన మొహం వైపు చూస్తూ, నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు.

ఆయన వంగి, పగిలిన లైటు ముక్కలు ఏరి తన తుండుగుడ్డలో మూట కట్టారు. గుంజని ఇద్దరి చేత సరిచేయించారు. నా కిటికీ దగ్గరికి వచ్చి, నా వైపు కాకుండా స్టీరింగు వైపు చూస్తూ అన్నారు.

"దెబ్బేం తగల్లేదు కదమ్మా? కాళ్ళకి గాజు గుచ్చుకోకుండా చూసి దిగు. భోజనం చేద్దువు గాని."

ఒక్కమాట అనండి బావగారూ, ఏదో ఒకటి అనండి, అని బతిమాలదామని నోరు తెరిచాను. ఆ పిలుపు రాలేదు.

"అలాగేనండి" అన్నాను.